కత్తిని కింద పెట్టి ఇచ్చే మనిషి

మా పెదనాయన పోయిన రోజు, పాడెకు వెదురు కొట్టే దగ్గర ఒక చిన్న సంగతి జరిగింది. ఆ హడావిడిలో ఆయన కొడుకు, నాకు అన్న వరస, మచ్చుకత్తిని మా నాయనకు నేరుగా చేతికి చాచాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా గతుక్కుమన్నారు. మా ఇళ్ళల్లో కత్తిగాని, కొడవలిగాని, ఆఖరికి ఉల్లిపాయలు తరిగే చాకుగాని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి పోకూడదు. ఇచ్చేవాళ్ళు నేల మీద పెట్టాలి, పుచ్చుకునేవాళ్ళు వంగి తీసుకోవాలి. చేతి నుంచి చేతికి మారితే ఆ ఇద్దరి మధ్యా పగ పుడుతుందని నమ్మకం. మా అన్న నాలుక కరుచుకుని కత్తిని కింద పెట్టబోయాడు. మా నాయన ఆగలేదు, వాడి చేతిలోంచే లాక్కున్నాడు.

"ఇయ్యిరా. నాతో సండ పడేదానికి ఇంగ ఎవరుండారు?" అని వెదురు మీద ఒక్క వేటు వేశాడు.

సండ అంటే మా తమిళనాడు తెలుగులో పోట్లాట. మా నాయనకూ పెదనాయనకూ జరిగింది మామూలు సండ కాదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకే వీధి, ఒకే బావి, పక్కపక్కనే మిరప చేలు. ఒకరు గట్టు మీద నడిచి వస్తుంటే ఇంకొకరికి ఆకాశంలో ఏదో అర్జెంటు పని పడేది. ఈ పగకు కారణం ఏమిటని అడిగితే మా నాయన బావి మోటారు వంతు సంగతి చెప్పేవాడు. మా అమ్మ, "ఇద్దరిదీ ఒకే తలకాయ, అదే దా కారణం" అనేది. మాట మీద ఒత్తు పెట్టడానికి మేం వాడే తమిళపు ముక్క ఆ 'దా'. పెదనాయన మాత్రం మోటారు ఊసే ఎత్తేవాడు కాదు. ఎప్పుడో చేలో తుమ్మకంప కొట్టేటప్పుడు తమ్ముడు కత్తిని చేతికి ఇచ్చాడట, పనిలో పడి ఈయన చేత్తోనే అందుకున్నాడట. అంతే, ఆ వారమే తగువు. "ఇనుము చెయ్యి మారితే మనసు మారుతాది" అనేవాడు.

అప్పటి నుంచి ఆయనకు అదొక వ్రతమైపోయింది. ఎవరైనా పదునైన వస్తువు పట్టుకుని ఎదురొస్తే చాలు, రెండు చేతులూ వీపు వెనక్కి పోయేవి. పోలీసు ముందు నిలబడ్డ దొంగ కూడా అంత వినయంగా నిలబడడు. విరుదునగర్ బజారులో కొడవళ్ళ కొట్టువాడు సరుకు చూడమని చేతికిస్తే ఈయన చేతులు కట్టుకుని నేల వైపు గడ్డంతో చూపించేవాడు. క్షౌరం చేయించుకునేటప్పుడు, పాత బ్లేడు తీసి కొత్తది అందుకునే మంగలినీ వాడి తమ్ముణ్ణీ కూర్చోబెట్టి, అన్నదమ్ములు విడిపోతారని గంటసేపు బోధ చేశాడు. సగం గీసిన గడ్డంతో. కోవిల్పట్టి ఆసుపత్రిలో ఒకసారి డాక్టరు చేతి నుంచి నర్సు సూది అందుకుంది. "పాపా, అది బల్ల మీద పెట్టమను, తర్వాత నువ్వు తీసుకో. మీ ఇద్దరికీ సండొస్తే నా చెయ్యి వాస్తాది" అన్నాడు. తెలుగు రాని ఆ నర్సుకు నేను తమిళంలో చెప్పాల్సి వచ్చింది. ఆమె నవ్వలేదు. డాక్టరుతో అప్పటికే ఆమెకు పడదని తర్వాత తెలిసింది. ఆ వార్త విన్నాక పెదనాయనను పట్టడానికి పగ్గాలు లేకపోయాయి.

ఆయుధాల గురించి తనకు తెలియనిది లేదని కూడా ఆయన నమ్మకం. మా పెద్దలు ఏ రాజు సైన్యంలోనో కత్తి పట్టుకుని ఆంధ్ర నుంచి ఈ నల్లరేగడికి దిగివచ్చారని మా ఇళ్ళల్లో ఒక కథ ఉంది. ఇంటిదేవర గుడిలో ఎర్రగుడ్డలో చుట్టిన ఒక కత్తి సాక్ష్యం. దాని పిడి ఊడింది, మొన విరిగింది, మధ్యలో మిగిలింది వంశగౌరవం. మా నాయన లెక్కలో అది తాటిమట్టలు నరికే కత్తి. మా అమ్మ ఇంకో అడుగు ముందుకు వేసి, "కత్తి పట్టుకొని అంత దూరం వచ్చింది మిరపకాయలు కోసేదానికా?" అనేది. పెదనాయన వినిపించుకునేవాడు కాదు. టీవీలో యుద్ధం సినిమా వస్తే చాలు, తిట్టడానికే ముందుకు జరిగి కూర్చునేవాడు. "వాడు వీపులోంచి కత్తి తీస్తా వుండాడే, దురద పుడితే ఏమి తీస్తాడు?" "ఆ తుపాకిలో గుండ్లు అయిపోయేదే లేదా? మా ఇంట్లో కందిపప్పుకు కూడా ఆ వరం లే."

అలాంటి మనిషి ఊరికి ఒక సినిమా వాళ్ళు వచ్చారు. దేవుడికి కూడా కాస్త హాస్యం తెలుసనుకుంటాను.

హైదరాబాదు వాళ్ళు. తెలుగు సినిమా. కథ రాక్షసుల గురించి. కోత అయిపోయి, ఎండకు బీటలు వారిన మా నేల చూసి డైరెక్టరు గారు పాతాళ లోకం దొరికిందని ఎగిరి గంతేశారట. విళాత్తికుళం దారిలో ఏ పొలం గట్టున నిలబడ్డా అంతే కనిపిస్తుంది. మేం దాన్ని సొంత ఊరు అనుకుంటున్నాం. కళ్ళంలో ఆరబోసిన ఎండుమిరపకాయలను ఆయన రక్తసముద్రం చేశారు. రాక్షస సైన్యం అందులోంచి నడిచి వచ్చేటప్పుడు అందరూ కలిసి తుమ్మిన తుమ్ముకు కెమెరా పక్కకు తిరిగింది.

నేను విరుదునగర్‌లో ఉద్యోగం చేస్తాను, తిరుపతిలో చదువుకున్నాను. మా ఊళ్ళో తెలుగు నోటికి తెలుసుగాని కంటికి తెలియదు. ఆ రాతా, ఆంధ్ర మాటా వచ్చిన దాన్ని నేనే కాబట్టి సెలవు పెట్టించి మరీ పిలిపించారు. నా పని తెలుగు నుంచి తెలుగుకు అనువాదం. అసిస్టెంటు డైరెక్టరు అమ్మాయి ఒకతె ఉండేది. పెదనాయన మాట్లాడుతుంటే ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని, "అక్కా, ఈయన ఏ కాలం మనిషి?" అని అడిగింది. నేను ఈ కాలం మనిషే అన్నాను. ఆమె నమ్మలేదు.

ఆయుధాలన్నీ మా బడి ఆవరణలో పరిచారు. అంత ఆయుధాగారం ఏ రాజుకూ ఉండి ఉండదు. రంపపు పళ్ళున్న కత్తులు వెండి రంగు పూసుకుని దండెం మీద ఆరుతున్నాయి. గండ్రగొడ్డళ్ళు చెరుకుగడల్లా కట్టలు కట్టి ఉన్నాయి, ఒక్కొక్కటీ అప్పడమంత బరువు. విల్లుకు దుర్భిణి బిగించారు. గదకు లోపల బ్యాటరీ, తిప్పితే ఎర్రగా వెలుగుతుంది. త్రిశూలంలోంచి రాకెట్లు వస్తాయట, అది మాత్రం తర్వాత కంప్యూటర్లో చేస్తామన్నారు. వీటి మధ్య గోడకు ఆనించి మెషిన్ గన్లు. నడుమ ఒక పట్టు దిండు మీద మహా ఖడ్గం, మనిషంత పొడవు, పిడికి సింహం తల, సింహం నోట్లో బల్బు.

పెదనాయన చేతులు వెనక్కి కట్టుకుని, సైన్యాన్ని తనిఖీ చేసే దొరలా ఒక చుట్టు తిరిగాడు. తర్వాత డైరెక్టరు దగ్గరికి వెళ్ళాడు.

"తుపాకులు ఎవరికి?"

"రాక్షసులకు."

"కత్తి?"

"హీరోకు."

"వాళ్ళందరి దగ్గర తుపాకులుంటే ఈయప్ప కత్తి తీసుకొని ఏంటికి పోతాడు?"

"ఇది ఫాంటసీ అండీ."

"అంటే?"

"అంటే ఆ ప్రశ్న అడగకూడదు" అన్నారు డైరెక్టరు గారు. ఆ ఒక్క జవాబు మాత్రం నేను అనువదించకుండానే పెదనాయనకు అర్థమైంది.

అయినా ఊరుకోలేదు. పూజ చెయ్యని ఆయుధం తిరగబడుతుందని మొదటి రోజే భయపెట్టి, అన్నిటికీ ఆయుధపూజ చేయించాడు. మెషిన్ గన్లకు గంధం రాసి కుంకుమ పెట్టి, ఒక్కో దాని కింద నిమ్మకాయ ఉంచాడు. అది డైరెక్టరు గారికి తెగ నచ్చింది, తుడవొద్దన్నారు. అందుకే ఆ సినిమాలో పాతాళం నుంచి వచ్చిన రాక్షసుల తుపాకులకు ఇప్పటికీ కుంకుమ బొట్లుంటాయి.

ఆయన మీసం, నిలబడే తీరు చూసి ఒక వేషం కూడా ఇచ్చారు. వేయేళ్ళుగా మహా ఖడ్గానికి కాపలా కాస్తున్న ముసలి సేనాపతి. హీరో వచ్చినప్పుడు ఖడ్గాన్ని అతని చేతిలో పెట్టి ఒక మాట చెప్పాలి, అంతే. పెదనాయన ఆ సాయంత్రమే ఇంటిదేవర గుడికి వెళ్ళి ఎర్రగుడ్డ విప్పి మా వంశపు కత్తి తెచ్చాడు. ఆర్టు డైరెక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి, "కెమెరాకు ఇది కత్తిలా కనపడదు సార్" అన్నాడు. పెదనాయన ముఖం వాడిపోయింది. ఆ కత్తిని గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోతుంటే నాకు చాలా బాధ వేసింది.

మా నాయన కూడా వేషం కట్టాడు. ఊళ్ళో మగవాళ్ళంతా రాక్షసులే మరి. ముఖానికి బూడిద రంగు, తలకు రెండు కొమ్ములు, చంకలో మెషిన్ గన్. అన్న దేవతల వైపు సేనాపతి, తమ్ముడు పాతాళం వైపు సిపాయి. డైరెక్టరు గారికి మా ఇంటి సంగతి ఎవరూ చెప్పలేదు, ఆయనే సరిగ్గా కుదిర్చారు.

ఖడ్గం ఇచ్చే షాటు రోజు హీరో వచ్చాడు. ఆయనతో గొడుగు పట్టేవాడు, ఫ్యాను పట్టేవాడు, ఒక మేనేజరు. కెమెరా తిరిగింది. పెదనాయన దిండు మీద నుంచి ఖడ్గం ఎత్తి హుందాగా నాలుగడుగులు నడిచాడు. హీరో చేతులు చాచాడు. పెదనాయన ఆయన ముందు ఖడ్గాన్ని నేల మీద పెట్టి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"కట్! చేతికివ్వండి పెద్దాయనా, చేతికి."

మళ్ళీ తీశారు. మళ్ళీ నేల మీదే పెట్టాడు. నేను వెళ్ళి సంగతి వివరించాను. డైరెక్టరు తల పట్టుకున్నారు. "అమ్మా, అది ఫైబరు! దాంతో వెన్న కూడా తెగదు."

"ఫైబరైతే ఏమి? కత్తి అని దా గదా పేరు పెట్టినారు?" అన్నాడు పెదనాయన.

పోనీ, హీరోనే వంగి తీసుకుంటాడులే అన్నారు డైరెక్టరు. అప్పుడు మేనేజరు లేచాడు.

"మా అన్న వంగడు."

"ఒక్క క్షణం కదండీ."

"ఒక సినిమాలో బూటు లేసు కట్టుకోడానికి వంగితే అభిమానులు థియేటర్లో కుర్చీలు విరగ్గొట్టారు. అప్పటినుంచి మా అన్న లేసుల బూట్లే మానేశాడు."

దేవతలు, రాక్షసులు, కుంకుమ బొట్ల తుపాకులు, సింహం నోట్లో బల్బు, అన్నీ ఆగిపోయాయి. ఒక ముసలాయన చెయ్యి చాచడు, ఒక పడుచువాడు నడుము వంచడు. బల్ల మీద పెడదామంటే ముందు తీసిన షాట్లలో బల్ల లేదట. ఎండ దిగిపోతోంది. హీరో మర్నాడు ఉండడు. ఇక లాభం లేదు, ముసలాయనకు వేషం తీసేసి ఇంకొకరికి వేద్దామని ఆర్టు డైరెక్టరు అన్నాడు. ఊళ్ళోవాళ్ళంతా పెదనాయనను చుట్టుముట్టారు. ఒక్కసారి ఇచ్చెయ్యి, ఆటకు దా గదా, ఊరి పేరు పోతాది అని బతిమాలారు. ఆయన కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

పెదనాయన ఆ చెయ్యి విడిపించుకున్నాడు. గొంతు పైకి లేచింది.

"ఒక తూరి మర్సిపోయి చేత్తో తీసుకుంటిని. దానికి నా తమ్ముడు పోయినాడు. కండ్ల ముందర తిరగతా వుండాడు, మాట లే. ఇంకొక తూరి నా వల్ల కాదు. వేషం తీసుకోండి, పొండి."

అన్నేళ్ళూ అది మూఢనమ్మకమని మేం నవ్వుకున్నాం. మోటారు మీద, గట్టు మీద, ఆఖరికి తన మీద కూడా వేసుకోలేని నేరాన్ని ఆయన ఒక ఇనపముక్క మీద వేసి మోస్తున్నాడు. తమ్ముణ్ణి మాత్రం ఎప్పుడూ నేరస్థుణ్ణి చెయ్యలేదు. ఏమన్నారని డైరెక్టరు నన్ను అడిగారు. "కుదరదంటున్నారు" అన్నాను. మిగతాది నాకు అనువాదం చేత కాలేదు.

రాక్షసుల గుంపులోంచి మా నాయన బయటికి వచ్చాడు. మెషిన్ గన్ను పక్కవాడి ముందు నేల మీద పెట్టి, కొమ్ములు సర్దుకుని డైరెక్టరు ముందు నిలబడ్డాడు. అన్న వైపు చూడలేదు.

"నేను తీసిస్తాను. ఆయన కింద పెట్టనీ, నేను వంగి తీసుకొని హీరోకు ఇస్తాను."

"నీకు హీరోతో పగొస్తాదే!" అన్నారెవరో వెనక నుంచి.

"రానీ. ఆయన హైదరాబాదులో, నేను ఈడ. మా ఇద్దరికీ ఒకే బాయి లే గదా."

దేవతల ఖడ్గాన్ని రాక్షసుడు అందించడమేమిటని డైరెక్టరు కాసేపు నసిగారు. అసిస్టెంటు అమ్మాయి, "మనసు మారిన రాక్షసుడు సార్" అంది. "ట్విస్ట్!" అని ఆయన కుర్చీలోంచి లేచారు. హీరో ముందు ఒకడు వంగుతాడు కాబట్టి మేనేజరుకూ అభ్యంతరం లేకపోయింది.

మళ్ళీ కెమెరా తిరిగింది. పెదనాయన ఖడ్గాన్ని నేల మీద పెట్టాడు. ఈసారి మా ఇళ్ళల్లో పెట్టే మర్యాదతో, మొన తన వైపు, పిడి తమ్ముడి వైపు ఉండేట్టు తిప్పి పెట్టాడు. మా నాయన వంగాడు. సగం దాకా వంగి ఆగాడు, ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకో చెయ్యి నేల మీద ఆనించాడు. ఆయన అంత ముసలివాడయ్యాడని నేనూ అప్పుడే చూశాను. అక్కడ పెదనాయన చెప్పాల్సిన డైలాగు ఒకటుంది. దాన్ని ఆయనకు పొద్దుటి నుంచి బట్టీ పట్టించాం. ఆయన పెదవులు కదిలాయి.

"ఏరా, మోకాలు నొస్తా వుండాదా?"

మా నాయన తల ఎత్తలేదు. "లేదన్నా. ఈ కొమ్ములు దా బరువు" అంటూ ఖడ్గం ఎత్తి హీరో చేతిలో పెట్టాడు.

"కట్!" అని అరిచి డైరెక్టరు పరుగెత్తుకొచ్చారు. తిడతారనుకున్నాను. "పెద్దాయన కళ్ళల్లో తడి చూశారా! వెయ్యేళ్ళ బాధ్యత దించుకున్నవాడి తడి! ఇదే ఉంచుతాం, మాట డబ్బింగులో వేసుకుందాం" అన్నారు. నేను ముక్కు చీదుకుంటున్నాను. మిరపకాయల ఘాటని ఆయన అనుకున్నారు.

ఆ తర్వాత అన్నదమ్ములిద్దరూ చింతచెట్టు నీడలో కూర్చుని సినిమావాళ్ళ సాంబారన్నం తిన్నారు. అది తినేలోపల మోటారు వంతు గురించి గట్టిగానే పోట్లాడుకున్నారు. కొమ్ములున్నవాడు అరుస్తుంటే కిరీటం ఉన్నాయన అంతకంటే గట్టిగా అరిచాడు. మా అమ్మ దూరం నుంచి చూసి, "అమ్మయ్య, నోటితో దా పోట్లాడుతా వుండారు" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది. హీరో కారెక్కేటప్పుడు మా నాయన ఫోటో కోసం వెళితే అతని మనుషులు పక్కకు తోసేశారు. పెదనాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "చూస్తివా? చేతికిస్తివి, ఆ దినమే పగ!" అని ఊరంతా తిరిగి చెప్పాడు.

సినిమా కోవిల్పట్టికి తమిళం గొంతులతో వచ్చింది. మధ్యాహ్నం ఆటకు ఊరు ఊరంతా వెళ్ళాం. వాళ్ళిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు, వెనక వరుసలో నేను. రాక్షసులు తుమ్మిన చోట కూడా పిడుగుల శబ్దం పెట్టారు. ఆ షాటు వచ్చింది. తెర నిండా పెదనాయన ముఖం. కత్తి కింద పెట్టాడు, మా నాయన వంగాడు, పెదనాయన పెదవులు కదిలాయి. ఎవరిదో ఉరుములాంటి తమిళ గొంతు, పద్నాలుగు లోకాలనూ చీల్చే ఖడ్గమిదే, అందుకో వీరుడా అంటూ థియేటరు అదిరేట్టు మోగింది. జనం ఈలలు వేశారు.

పెదనాయన కుర్చీలో ముందుకు లేచాడు. "అది నా గొంతు కాదు. నేను అది సెప్పనే లేదు."

"ఊరకే వుండన్నా" అన్నాడు మా నాయన. "నోరు నీది దా గదా. నువ్వు అడిగింది నాకు వినపడింది."

పెదనాయన మెల్లగా వెనక్కి వాలాడు. తెర మీద హీరో ఆ ఖడ్గంతో మెషిన్ గన్లను ముక్కలు ముక్కలుగా నరుకుతున్నాడు. ఆయన ఒక్క లోపమూ ఎత్తి చూపలేదు, అసలు అటు చూడనే లేదు. కాసేపటికి తమ్ముడి వైపు వంగాడు.

"మోకాలికి తైలం రాస్తా వుండావా, లేదా?" అన్నాడు.